రెండో బొంతంగి

ఆ శుక్రవారం రత్నాకర్ తాను తిన్న కంచం తానే కడిగాడు. సుహాసినికి అనుమానం అక్కడే మొదలైంది.

పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి కంచంలోనే చెయ్యి కడుక్కుని, లేచి టీవీ ముందుకు పోవడమే చూసింది గానీ, సింకు దగ్గర నిలబడటం చూడలేదు. పైగా, "పప్పు మస్తుగున్నదే సుహా. నీ చేతిల ఏదో ఉన్నది" అన్నాడు. ఆ పూట పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది తను. పిల్లలిద్దరూ ఒక్క ముద్ద తిని మొహం చిట్లించి పెరుగు కలుపుకున్నారు. ఉప్పులేని పప్పును మెచ్చుకునే మగవాడికి కడుపులో ఏదో మాట ఉంటుంది. అది బయటికి వచ్చేదాకా ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది.

"ఈసారి మన దండుల రుద్రమదేవి నువ్వే" అన్నాడు చివరికి.

దండు అంటే ఓరుగల్లు దండు. ఖతార్‌లోని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో పనిచేసే తెలుగువాళ్ళు కొందరు, క్యాంపుల్లో ఉండే సైటు పనివాళ్ళు కొందరు కలిసి, ప్రతి శుక్రవారం అల్ ఖోర్ ఊరి బయట మైదానంలో కాకతీయుల కాలపు సైనికుల్లా తయారై, ఆనాటి యుద్ధాలను మళ్ళీ ఆడి చూస్తారు. కరోనా లాక్‌డౌన్ సడలించిన రోజుల్లో మొదలుపెట్టింది రత్నాకరే. దాన్ని నాటకం అంటే మాత్రం ఒప్పుకోడు. "నాటకంల డైలాగులుంటయి. ఈడ ఒళ్ళు నేర్చుకోవాలె. అప్పటి మనిషి కత్తి ఎట్ల పట్టిండు, ఎండల ఎట్ల నిలబడ్డడు, గది మన ఒంటికి తెల్వాలె" అంటాడు. గురువంటూ ఎవరూ లేరు. గుడి శిల్పాల ఫోటోలు చూసి ఒకడు, వీడియోలు చూసి ఇంకొకడు, చిన్నప్పుడు పీర్ల పండుగకు కర్ర తిప్పినవాడు మరొకడు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్ళే అందరూ.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాడు మొదటిరోజు అందరి మధ్యలో నిలబడాలి. రత్నాకర్ చెక్క కత్తి వాడి భుజాన ఆనించి, "ఎందుకొచ్చినవ్?" అని అడుగుతాడు. వాడు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒకడు ఊరు యాదికొస్తోందన్నాడు. ఒకడు పొట్ట తగ్గించుకుందామని వచ్చానన్నాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చి సైట్లో పరంజా కట్టే భూమేష్, "పొద్దంత పైపులు మోస్త సార్. వెనుకంగ యల్లా యల్లా, జల్ది జల్ది అని ఒకడు ఒర్రుతుంటడు. ఈడ కత్తి మోస్తే ఎవడు ఒర్రడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే బగారన్నం గిన్నెలు దించుతూ సుహాసిని కూడా కొట్టింది.

రెండేళ్ళుగా ఆ గిన్నెలు మోసింది ఆమె. వాళ్ళు తొడుక్కునే కోట్లు కుట్టింది ఆమె. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, పైన ముతక గుడ్డ వేసి, బొంత కుట్టినట్టు నిలువునా అడ్డంగా కుడితే అయ్యే కోటు అది. చెక్క కత్తి తగిలినా దెబ్బ లోపలికి దిగదు. భూమేష్ దానికి బొంతంగి అని పేరు పెట్టాడు. అదే నిలిచిపోయింది. ఖతార్ ఎండలో బొంత తొడుక్కుని గెంతే మగవాళ్ళను లోకంలో ఇంకెక్కడా చూడలేమని ఆమెకు నవ్వొచ్చేది గానీ, శనివారం ఆ చెమట కంపు అంతా బాత్‌టబ్బులో నానబెట్టి తొక్కేటప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు. వాళ్ళ వీడియోలు కత్తిరించి గ్రూపులో పెట్టేది కూడా ఆమే. వాళ్ళు కట్టుకున్న కత్తి ఆటలో మూడో దెబ్బ మీదికి వచ్చిన ప్రతిసారీ రత్నాకర్ కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. ఆ ముక్క ఎవరి కంటా పడకుండా ప్రతి వారం తీసేసేది.

ఎందుకొచ్చినవ్ అని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక జవాబు తయారుగా ఉంచుకుంది. గిన్నెలు తోముతూ దాన్ని మార్చేది, బట్టలు ఆరేస్తూ మళ్ళీ మార్చేది. రెండేళ్ళలో ఆ జవాబు ఎన్నిసార్లు మారిందో ఆమెకే తెలియదు.

అలాంటిది ఇప్పుడు ఏకంగా రాణి! "నాకు కత్తి తిప్పుడు రాదు కదా" అంది, ఏమంటాడో చూద్దామని.

"అదంత నేను చూస్కుంట. నువ్వు జర అందంగ నిలబడు చాలు" అన్నాడు రత్నాకర్. ఆ 'చాలు' ఆమెకు నచ్చలేదు.

కింది ఫ్లాట్‌లో ఉండే ఖమర్ సుల్తానాకు చెబితే ఆమె ముక్కున వేలేసుకుంది. బోధన్ నుంచి వచ్చిన మనిషి. తెలుగూ ఉర్దూ కలిపి గలగలా మాట్లాడుతుంది. ఆమె భర్త రఫీయుద్దీన్ ప్లాంట్‌లో ఫ్యామిలీ డే ఏర్పాట్లు చూసేవాళ్ళలో ఒకడు.

"అరే సుహా, ఉత్తగ ఇచ్చిండనుకున్నవా? వరల్డ్ కప్ ముందు ఫ్యామిలీ డే పెద్దగ చేస్తున్రు. అన్ని దేశాలోళ్ళ ప్రోగ్రాంలు. ప్రతి గ్రూపుల లేడీస్ ఉండాల్నని రూల్ పెట్టిన్రంట, మా ఆయన చెప్పిండు. మంచిగ చేస్తే దోహా ఫ్యాన్ జోన్‌ల భీ ఛాన్స్ ఇస్తరంట. మీ ఆయనకు లేడీస్ కావాలె, నువ్వు దొరికినవ్. బస్."

అంతేనా అనుకుంది సుహాసిని. అంతే అయితే ఫర్వాలేదనీ అనుకుంది. ఏ దారిన వచ్చినా రాణి రాణే కదా. ఆమెకు ఆ కత్తి కావాలి. ఒక్కసారి, నలుగురి ముందు, ముగ్గులో నిలబడి కత్తి తిప్పాలి. ముగ్గంటే మైదానంలో సున్నంతో గీసే వలయం. రెండేళ్ళుగా ఆ గీతకు ఇవతల గిన్నెలతో నిలబడింది. ఈ కోరిక ఖమర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకంటే పిల్లల స్కూలు బస్సు వెళ్ళాక, ఎండ ముదరకముందే, వాళ్ళిద్దరూ బిల్డింగు పైకెక్కి నేల తుడిచే వైపర్ కర్రలతో ఆడుతున్నారు. అప్పటికే ఐదారు నెలలైంది. వీడియోలు వందసార్లు వెనక్కీ ముందుకూ తిప్పి కత్తిరించే మనిషికి ఏ అడుగు తర్వాత ఏ దెబ్బో నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఒళ్ళే మాట వినలేదు. మొదట్లో కర్ర చేతిలోంచి జారి ఖమర్ పాదం మీద పడేది. "యా అల్లా, నా కాలు!" అని ఆమె ఒంటికాలి మీద గెంతేది. ఇద్దరూ నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. దూరంగా వరల్డ్ కప్పు కోసం గుడారం ఆకారంలో కట్టిన స్టేడియం తెల్లగా మెరుస్తూ ఉండేది.

ఒకసారి రత్నాకర్ ఆమె మోచేతి మీద కమిలిన మచ్చ చూసి, "ఏందది?" అన్నాడు. తలుపు తగిలిందంది. అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి అదోలా చూసి, "మైదానంల చీర కొంగుతోని చేతులు నిండుగ కప్పుకో. జనం చూస్తున్రు" అన్నాడు.

జనం చూస్తున్రు. ఆ మాట విని విని ఆమె చెవులు తుప్పుపట్టాయి. మాల్‌లో గట్టిగా నవ్వితే జనం చూస్తున్రు. సముద్రం ఒడ్డున కోర్నిష్ మీద పిల్లలతో పరుగెత్తితే జనం చూస్తున్రు. ఇక్కడ డ్రైవింగ్ పరీక్ష రెండోసారికే పాసై లైసెన్సు తెచ్చుకుంటే, "రౌండెబౌట్ కాడ నీకు కాళ్ళు వణుకుతయ్. ఎన్కోడు హారన్ కొడ్తడు, జనం చూస్తరు" అని కారు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. లైసెన్సు పర్సులో అట్లాగే పడి ఉంది. నర్సరీ స్కూల్లో పని దొరికితే, "పిల్లల ముక్కులు తుడిచే పనికి నా పెండ్లామా?" అన్నాడు. ఆ మాటకొస్తే ఇంట్లో ఆమె తుడవనిది ఏముంది? ఊర్నుంచి అత్త చిన్నవ్వ ఫోన్ చేసినప్పుడల్లా, "నా కొడుకు నిన్ను దుబాయ్‌ల కూసుండబెట్టి తినబెడ్తుండు. అదృష్టవంతురాలివే" అంటుంది. ఆమె లెక్కలో ఖతార్ కూడా దుబాయే. కూసుండబెట్టి అనే మాట విన్నప్పుడల్లా సుహాసినికి నడుములో కలుక్కుమంటుంది. రోజు మొత్తంలో ఆ నడుము కుర్చీకి ఆనేది కుట్టుమిషను ముందే.

రాణి బొంతంగి ఎర్రగుడ్డతో కుడుతుంటే రత్నాకర్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. "గసొంటిదే ఇంకోటి కుట్టు. అదే గుడ్డ, అదే పొడుగు. భుజాలు మాత్రం జర వెడల్పు పెట్టు" అన్నాడు.

"రెండోది ఎవరికి?"

"ఎవరికో ఏంది? స్పేర్. చినిగిపోతే?"

చినిగితే భుజాలు వెడల్పవుతాయా? మిషను పెడలు మీద ఆమె కాలు ఆగిపోయింది. ఆ క్షణాన ఆమె బుర్రలో మెదిలింది ఇంకో ఆడమనిషి. ఎవరై ఉంటుంది? ప్లాంట్ ఆఫీసులో ఎవరైనానా? ఫోను బల్ల మీద బోర్లా పెట్టడం ఎప్పటినుంచి మొదలైంది? వెడల్పు భుజాల ఆడవాళ్ళను తెలిసినవాళ్ళలో వెతికి వెతికి, ఎవరూ తగలక, తన మీద తనకే సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం పోలేదు. మరుసటి వారం దానికి ఇంకో కొసరు తగిలింది. యుద్ధంలో రాణి మొహానికి కళ్ళ కిందినుంచి ఎర్రగుడ్డ తెర వేలాడాలట. "దుమ్ము రేగుతది కదా" అన్నాడు రత్నాకర్. ఇన్నాళ్ళూ ఆ దుమ్ములో మగవాళ్ళు ఎవరికీ తెర లేదు మరి!

ఆ శుక్రవారం మైదానంలో భూమేష్‌ను చూసి ఆమె చేతిలో గరిటె ఆగింది. మీసం లేదు. నున్నగా ఉంది మూతి. దండులో కుర్రాళ్ళు "రాణమ్మా, రాణమ్మా" అని ఏదో గొణిగి, రత్నాకర్ ఉరిమి చూసేసరికి నోళ్ళు మూసుకున్నారు.

నీళ్ళ క్యాన్ దగ్గర ఒంటరిగా దొరకబుచ్చుకుంది. "ఏం తమ్మి, మీసం ఏమైంది?"

"ఊకెనే అక్కా." వాడు తల దించుకున్నాడు. "మా అవ్వ వీడియో కాల్ల చూసి లొల్లి పెట్టింది. మీ అయ్య బతికుండంగనే మీసం తీస్తవారా అని ఒకటే ఏడుపు. అయ్యను పిలిచి చూపెట్టినంక గూడ ఊకోలే."

ఇంటి పెద్ద పోతే తప్ప మీసం తీయని ఊరి నుంచి వచ్చినవాడు. ఊరికెనే తీయడు. రెండో బొంతంగి, వెడల్పు భుజాలు, మొహం మీది తెర, ఈ నున్నటి మూతి. అన్నీ ఒక్కచోటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి.

"రాణి కోటు నువ్వు తొడుగుతున్నవా?"

"సారు చెప్పొద్దన్నడక్కా."

"నా సంగతి నాకు చెప్పొద్దంటే ఇంకెవరికి చెప్తవ్ రా?"

వాడు అటూ ఇటూ చూశాడు. "మొదాల నువ్వు పల్లకిల వస్తవట. ఫోటోలు దిగినంక డేరాలకు పోతవ్. అండ్లకెల్లి కత్తి పట్కొని నేనొస్త. తెర ఉంటది గానీ, గాలికి లేస్తే మీసం అవుపడ్తదని తీపిచ్చిండు. నేను అడిగిన అక్కా, మేడమే చేస్తదేమో సార్ అని. శత్రువుల దళపతి నేను కదరా, రాణి చేతిల ఓడిపోవాలె కదా అన్నడు. ప్లాంటోళ్ళందరు వస్తరు, పెండ్లాం చేతిల దెబ్బలు తిన్నడంటే రేపు కంట్రోల్ రూంల నన్ను కూసోనిస్తరా అన్నడు. సారు నాకు ఈ దండుల జాగ ఇచ్చిండు. కాదనలేకపోయిన."

సుహాసిని క్యాన్ మూత పెట్టి, గిన్నెల దగ్గరికి వచ్చి, వరుసలో ఉన్న అందరికీ అన్నం వడ్డించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒళ్ళు మాత్రం భగభగ మండుతోంది. ఆడదై పుట్టి, మగపేరుతో మగవేషంతో ఏలిందని చెప్పుకునే రాణి అట. ఆమె వేషం వేయడానికి మగవాడికి ఆడవేషమట! ఇంకో ఆడది ఉందేమోనని రాత్రుళ్ళు కుళ్ళింది తను. అదే నయం. తన భర్తకు తన చేతిలో ఉత్తుత్తిగా ఓడిపోవడం కూడా నామోషీ. గెలిపించమని అడగలేదు తను. కథలో రాణి గెలిచిందని రాసిపెట్టి ఉంది. అంత ముందే తెలిసిన గెలుపు కూడా పెళ్ళాం చేతికి ఇవ్వడానికి మనసొప్పలేదు ఆ మనిషికి. ఆ రోజు మొదటిసారి, రత్నాకర్ కంచంలో వడ్డించేటప్పుడు అతని మొహం వంక చూడలేదు. అతను గమనించనూ లేదు.

అడగాలా, గొడవ పడాలా? అడిగితే ఏమంటాడో తెలుసు. మెల్లగ మాట్లాడు, పక్కింటోళ్ళు ఇంటున్రు అంటాడు. రెండు రోజులు మాట్లాడడు. మూడో రోజు కంచం కడుగుతాడు. సోమవారం పిల్లలు వెళ్ళాక ఆమె రెండో బొంతంగి తీసి మిషను మీద పరిచింది. బ్లేడు తీసుకుని భుజాల కుట్టు విప్పడం మొదలుపెట్టింది. ఖమర్ వచ్చి, "అరే, మంచిగున్నది కదా, ఎందుకు పాడు చేస్తున్నవ్?" అంది.

"పాడు చేస్తలేను. సరిచేస్తున్న" అంది సుహాసిని.

ఫ్యామిలీ డే నాడు మైదానమంతా రకరకాల దేశాల జెండాలు, పిల్లల చేతుల్లో బెలూన్లు, ఫుట్‌బాల్ బొమ్మ వేసిన టోపీలు. ఫిలిప్పీన్స్ వాళ్ళ డాన్సు అయింది, కేరళ వాళ్ళ చెండ వాయిద్యం అయింది. మైకులో ఓరుగల్లు దండు పేరు వినబడేసరికి ఎండ తగ్గింది గానీ, ఉక్క తగ్గలేదు. పల్లకీలో సుహాసిని వచ్చింది. లేచి నిలబడి చెయ్యి ఊపింది. మనుషులు చప్పట్లు కొట్టారు, ఫోన్లు పైకెత్తారు. రత్నాకర్ కిందినుంచి, "నవ్వు, నవ్వు" అని పళ్ళ మధ్యనుంచి అన్నాడు. ఆమె నవ్వింది. అది అతని కోసం కాదు.

డేరాలోకి వచ్చేసరికి భూమేష్ రెండో బొంతంగి తలమీదుగా దించుకుని, భుజాల దగ్గర ఇరుక్కుపోయి గింజుకుంటున్నాడు. చేతులు పైకి ఉండిపోయాయి. మొహం గుడ్డలో ఉంది.

"అక్కా, పడ్తలేదు! ఇది తప్పు కుట్టినవా?"

"తప్పు కుట్టలేదు తమ్మి. అది గూడ నా కొలతే." రెండు చేతులా పట్టి లాగి వాణ్ణి బయటపడేసింది.

వాడు ఎర్రబడ్డ మొహంతో ఆ కోటునూ ఆమె ఒంటిమీది కోటునూ మార్చి మార్చి చూశాడు. అర్థమైంది. "సారు నన్ను కోస్తడక్కా" అన్నాడు.

"కోటు పట్టలేదని చెప్పు. అబద్ధం గాదు కదా. తప్పు నా కుట్టుదే అను." చెయ్యి చాచింది. "కత్తి ఇయ్యి."

వాడు కత్తి ఇవ్వలేదు. "నీకొస్తదా?"

ఆమె కుడికాలు వెనక్కి వేసి, ఎడమ భుజం ముందుకు తిప్పి, ఉత్త చేతులతోనే మొదటి రెండు దెబ్బలు వేసి చూపించింది. భూమేష్ నోరు తెరిచాడు. తర్వాత, ఈ మధ్య అలవాటైపోయినట్టు, లేని మీసం మీద వేలు పెట్టుకున్నాడు. పెట్టుకుని నవ్వాడు. "నా మీసమే ఉత్తగ పాయె" అంటూ కత్తి చేతికిచ్చి, ఆమె మొహం మీద తెర తానే సరిచేశాడు. "ఒకటి గుర్తువెట్టుకో అక్కా. సారు మూడో దెబ్బకు..."

"కండ్లు మూస్తడు. నాకెర్కే" అంది సుహాసిని.

డప్పు మోగింది. ఆమె సున్నపు గీత దాటింది. రెండేళ్ళుగా ఇవతలే ఆగిన పాదం అది. లోపలి నేల కూడా మామూలు నేలే, కానీ కాళ్ళు వణికాయి. రౌండెబౌట్ దగ్గర వణుకుతాయన్న కాళ్ళు ఇవేనా అనుకుంది. వణికితే వణకనీ అనుకుని నడిచింది.

ఎదురుగా రత్నాకర్ నల్ల బొంతంగిలో, డాలూ కత్తీ పట్టుకుని దళపతిలా నిలబడ్డాడు. మొదటి దెబ్బ డాలు మీద టకామని పడింది. అతను దగ్గరికి జరిగి, డాలు చాటునుంచి మెల్లగా అన్నాడు.

"మస్తు తమ్మి. గట్లనే. ఆమెను కూరల కాడికి పంపినవా?"

ఆమె రెండో దెబ్బ వేసింది. అతను కాచుకున్నాడు.

"నిలబడి ఫోటో దిగంగనే మురిసిపోయింది సూడు. గా ఫోటో చాలు దానికి, ఏడాది ఊకుంటది. జర మెల్లగ కొట్టురా, ప్లాంటోళ్ళు ఈ దిక్కే ఉన్నరు."

దానికి. వీడియోలో లేని మాటలు ఇవి, ఆమె కత్తిరించడానికి వీల్లేనివి. మగవాడితో మాట్లాడుతున్నాననుకున్నప్పుడు ఆ మనిషి ఇలా మాట్లాడతాడు. ఇకపై అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. కంట్లో తిరిగిన నీళ్ళను తెర పీల్చుకుంది. కత్తి పైకెత్తింది. ఇది మూడోది.

రత్నాకర్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. డప్పు కొట్టేవాడు తడబడి ఆగాడు. జనంలో ఎవరో ఈల వేసి ఆపేశారు. మూసిన కళ్ళతో, ముడుచుకున్న మొహంతో ఆ మనిషి అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆమె ఆగింది. మూసుకున్న కళ్ళ మీద కొట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఎంతసేపైనా సరే, అతను చూడాలి.

రత్నాకర్ మెల్లగా ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. ఎదురుగా రాణి తన మొహం మీది తెరను ఎడమచేత్తో తీసి భుజం మీదికి వేసుకుంటోంది.

అతని డాలు కిందికి జారింది. "నువ్వా? నువ్వు... నువ్వెందుకొచ్చినవ్?"

రెండేళ్ళుగా తయారుచేసి పెట్టుకున్న జవాబులన్నీ ఆమె ముందుకు వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఇప్పుడు అవసరమనిపించలేదు. కుడికాలు వెనక్కి వేసింది. ఎడమ భుజం ముందుకు తిప్పింది.

"కత్తి ఎత్తు" అంది సుహాసిని. "జనం చూస్తున్రు."